సగం దమ్ము పట్టిన మడి

2-7-1998, గురువారం

ఉదయం సన్నగా తుంపర, తర్వాత మబ్బు. షెడ్డు రేకు రెండు చోట్ల కారుతుంటే పైకెక్కి తారు పూసి గోనెగుడ్డ అంటించాను.

పొద్దెక్కాక పోలిరాజు ట్రాక్టరును అర్జునరావు ఇంకో బండికి తాడు కట్టించి లాగించుకొచ్చాడు. చిట్టమ్మ పంపిందట. ఏడాదిగా వాళ్ల కళ్లంలో టార్పాలిన్ కింద పడి ఉంది. పోలిరాజు దాని కింద పడి చనిపోయినప్పటి నుంచి ఎవరూ తాళం తిప్పలేదు.

పోలిరాజు నా భార్య నారాయణమ్మ తమ్ముడు. చిట్టమ్మ వాడి భార్య. అర్జునరావు ఆమె తమ్ముడు. ఇవన్నీ నాకు తెలుసు, రాసుకోవలసిన పని లేదు. అయినా రాశాను.

స్టీరింగు వంగిపోయింది. బానెట్టు సొట్ట పడింది. సైలెన్సరు గొట్టం మొదట్లోనే విరిగింది. చేతి యాక్సిలరేటరు ఆఖరి వరకూ లాగి ఉంది. ఏడాదిగా ఎవరూ దాన్ని కిందికి దించలేదు. నేనే దించాను.

"గెడ్డలో నీరొచ్చి మళ్లు తడిసీలోగా రెడీ సేసీయన్నయ్యా," అన్నాడు అర్జునరావు. "ఈ ఏడు నానే తోల్తాను. మా అప్పకి ఇంకేటి ఆధారం ఉంది?"

ఫుట్‌బోర్డు మీద ఒక తుమ్మ దుంగ ఉంది. మనిషి తొడంత లావు. గొలుసు పట్టిన చోట రెండు పక్కలా గాట్లు పడ్డాయి. గొలుసు కూడా దానికే చుట్టి ఉంది.

"ఇదెందుకు తెచ్చినావు?"

"బండితో ఉన్నది బండితోనే తెచ్చినాను."

దుంగను తీసి షెడ్డు వెనక నుయ్యి పక్కన పడేశాను. టైర్ల గాడుల్లో పోయిన ఏటి బురద ఎండి రాయిలా ఉంది. ఉలితో తవ్వి తీయవలసి వచ్చింది. ట్రాక్టరు కడిగాను.

3-7-98

మబ్బు. వాన లేదు.

షెడ్డు తీసేసరికి వెనక టైర్ల గాడుల్లో తడి బురద. మడ్‌గార్డుల లోపలి పక్క పట్టిన బురద నిన్నటి నీళ్లకు నాని రాత్రి కారి ఉంటుంది. మడ్‌గార్డులు విప్పి లోపల కూడా గీకాను. ట్రాక్టరు కడిగాను.

4-7-98

ఎండ. మళ్లీ బురద. ఎడమ చక్రానికి ఎక్కువ. కడిగాను.

5-7-98, ఆదివారం

ఉక్క. సాయంత్రం స్టీలు ప్లాంటు వైపు ఆకాశం ఎర్రబడింది.

బండి తలకిందులైనప్పుడు ఇంజను ఆయిలు పిస్టన్ల మీదికి దిగుతుంది. ఆ సంగతి చూసుకోకుండా స్టార్టు చేస్తే రాడ్లు వంగిపోతాయి. అందుకని డీజిలు చిమ్మే నాజిళ్లు నాలుగూ విప్పి బల్ల మీద గుడ్డలో పెట్టాను. ముందున్న పుల్లీ బోల్టుకు స్పానరు పెట్టి ఇంజనును చేత్తో తిప్పాను. నాజిలు రంధ్రాల్లోంచి నల్లటి ఆయిలు చిమ్మింది. ఆఖరున కొద్దిగా నీళ్లు వచ్చాయి. నీళ్లు ఎలా వెళ్లాయో తెలియలేదు. బురద వాసన వేసింది.

అర్జునరావు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. అది పోలిరాజు కూర్చునే స్టూలు.

దుంగ సంగతి వాడికి చెప్పాను. నాట్లకు ముందు నీటి మడిని బురదగా దున్ని దమ్ము పట్టేటప్పుడు బండి దిగబడితే డ్రైవర్లు వెనక చక్రాలకు అడ్డంగా దుంగ వేసి గొలుసుతో కట్టి రేజ్ చేస్తారు. చక్రం తిరిగి దుంగ మీదికి ఎక్కుతుందని వాళ్ల లెక్క. ఒక్కోసారి ఎక్కుతుంది కూడా. ఎక్కకపోతే దుంగ కింద ఇరుక్కుని చక్రం తిరగలేదు. ఇంజను మాత్రం తిప్పుతూనే ఉంటుంది. చక్రం తిరగలేకపోతే బండి తిరుగుతుంది. ముందు చక్రాలు పైకి లేచి, బండి మొత్తం డ్రైవరు మీదికి వెనక్కి పడుతుంది. క్లచ్చు నొక్కే టైము కూడా ఉండదు.

"అందరూ కడతన్నారు గదన్నయ్యా."

"అందరూ ఒకలాగే పోతారా మరి?"

"నువ్వు షెడ్డులో కూకున్న మేస్త్రీవి. మడిలో దిగితే తెలుస్తాది," అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "ఆ రోజు బావ నిన్నే పిలిసినాడంట. బావా, బావా అని. ఒడ్డున నారు తీసే ఆడోళ్లు సెప్పినారు."

పోలిరాజు పడిన మడి షెడ్డు వెనక తాటితోపు దాటితే వస్తుంది. ఆ రోజు నేను షెడ్డులో గ్రైండరు తిప్పుతున్నాను, ఆ మోతలో ఇంకేదీ వినబడదు.

వాడి చేత ఒట్టు వేయించుకున్నాను. దుంగ ఎప్పుడూ కట్టకూడదు. దిగబడితే రివర్సు. రివర్సులో ముందు లేవదు. అదీ కుదరకపోతే దిగిపోయి ఇంకో బండిని పిలవాలి. సింహాద్రి అప్పన్న మీద ఒట్టేశాడు.

ట్రాక్టరు కడిగాను.

6-7-98

వాన పడలేదు. బురద ఉంది. నాజిళ్లు బల్ల మీదే ఉన్నాయి. నాజిళ్లు లేకుండా ఇంజను నడవదు. కనుక బండి ఎక్కడికీ వెళ్లలేదు. కడిగాను.

7-7-98

దుంగ ఎడమ చక్రం పక్కన ఉంది. నుయ్యి దగ్గర నేనే పడేశాను, బాగా గుర్తు. కుక్కలు ఈడ్చుకొచ్చి ఉంటాయి.

అంత బరువు కుక్కలు లాగవు. ఎవరో తమాషా చేస్తున్నారు. షెడ్డు తలుపుకు కొత్త తాళం కొన్నాను. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను.

కడిగాను.

8-7-98, బుధవారం

మబ్బు, గాలి. మధ్యాహ్నం పంపుసెట్టు ఒకటి వచ్చింది, బెల్టు మార్చాను.

సాయంత్రం నారాయణమ్మ సింహాచలం గిరి ప్రదక్షిణకు బయలుదేరింది. తమ్ముడి పేరు మీద కొండ చుట్టూ నడుస్తానని మొక్కుకుందట.

"మీరూ రండి. ఒక్కసారి కొండ సుట్టూ తిరిగితే మనసు తేలికవుద్ది."

"బండి పని ఉంది."

"ఎప్పుడూ అదే మాట. ఆ బండి ఒద్దని పంపీమన్నాను గదా. పాత ఇనుం కింద కాటాకి ఏసీమన్నాను. ఎవరన్నా ఇన్నారా?"

చిట్టమ్మకు వేరే దారి లేదని అన్నాను. నారాయణమ్మ చెప్పులు వేసుకోకుండానే బస్సెక్కింది.

9-7-98

రాత్రి బాగా నిద్ర పట్టింది.

మధ్యాహ్నం నారాయణమ్మ వచ్చింది. కాళ్లు బొబ్బలెక్కాయి. ప్రసాదం నా చేతిలో పెట్టబోయి ఆగిపోయింది.

"ఏటీ కాళ్లు?"

చూసుకున్నాను. చీలమండల దాకా నల్లటి బురద ఎండి ఉంది. గోళ్లలో కూడా.

"కుళాయి దగ్గరికి ఎల్లినాను."

"కుళాయి కాడ ఎర్రమట్టి కదా."

మా వాకిట్లోనూ షెడ్డు ముందూ ఎర్ర గ్రావెలే. నల్లమట్టి తాటితోపు అవతల ఉంది. మళ్లలో. వేడినీళ్లు కాచి తెచ్చి నా కాళ్లు ఆమే కడిగింది. కొండ చుట్టూ నడిచొచ్చిన మనిషి చేత కాళ్లు కడిగించుకోవడం నాకు నచ్చలేదు.

10-7-98

లుంగీ ఉతికాను. ట్రాక్టరు కడిగాను.

11-7-98

ఉదయం వాన. బంకు దగ్గర టీ కాచే వరహాలమ్మకు దుంగ ఇచ్చేశాను. చీల్చుకుని పొయ్యిలో పెట్టుకోమన్నాను. సంతోషించింది. గొలుసు విప్పి పెట్టెలో వేసి తాళం పెట్టాను.

స్టీరింగు సరిచేశాను. కొత్త సైలెన్సరు గొట్టం వేశాను. క్లచ్చు ప్లేటు చూస్తే బాగానే ఉంది. బ్రేకులు బాగున్నాయి. గేర్లు బాగున్నాయి. ఏ లోపమూ దొరకలేదు. ఏదో ఒకటి దొరికితే బాగుండును.

కడిగాను.

12-7-98, ఆదివారం

దుంగ ఎడమ చక్రం పక్కన ఉంది. గొలుసు దానికే చుట్టి ఉంది. పెట్టె తాళం వేసినట్టే ఉంది.

వరహాలమ్మను అడగడానికి వెళ్లాను.

"మీరే పట్టుకెలిపోనారు గదా మేస్త్రీ," అంది. "తెల్లారకముందే పొయ్యి అంటించడానికి లేచినాను. మీరు భుజాన ఎత్తుకుని ఎల్తన్నారు. ఏటీ, ఇచ్చింది మళ్లా తీసేసుకుంటన్నారా అని కేకేసినాను. పలకనేదు మీరు. తిరిగైనా సూణ్ణేదు."

"ఎటు ఎల్లినాను?"

"అటే. తోపులోకి."

వరహాలమ్మకు చూపు తగ్గింది. మొన్న నాకు చిల్లర కూడా తప్పు ఇచ్చింది.

కుడి భుజం నొప్పిగా ఉంది. స్టీరింగు వంచినప్పుడు పట్టేసి ఉంటుంది.

ఒక సంగతి ఆలోచించాను. ముందు బరువు ఎక్కువ ఉంటే బండి వెనక్కి లేవదు. బంపరు మీద ఇనప దిమ్మలు వేస్తే దుంగ కట్టినా ప్రమాదం తక్కువ. అయినా కట్టకూడదు.

కడిగాను.

13-7-98

నాజిళ్లు బిగించాను. పైపుల్లో గాలి తీశాను. నారాయణమ్మ ఇచ్చిన నిమ్మకాయలు చక్రాల కింద పెట్టాను. తాళం తిప్పగానే మొదటి దెబ్బకే స్టార్టయింది. ఏడాది కదలకుండా ఉన్న ఇంజను మొదటి దెబ్బకు స్టార్టవదు.

పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు పెట్టి విన్నాను. లోపల ఏం జరుగుతుందో అలాగే తెలుస్తుంది. నాకు ఎవరూ నేర్పలేదు, నేనే కనిపెట్టాననుకున్నాను. తర్వాత అందరూ చేస్తారని తెలిసింది. పోలిరాజుకు నేను నేర్పింది మొదట ఇదే. వాడు ఎప్పుడూ నవ్వేవాడు. "బావా, ఇంజను నీకు సెవిలో ఏటి సెప్తాది? ఆకలేస్తందని సెప్తందా?" అనేవాడు. నన్ను బావా అని పిలిచేవాడు వాడొక్కడే. మిగతా అందరికీ నేను మేస్త్రీని.

ఒకటో సిలిండరు దగ్గర బాగుంది. రెండు, మూడు బాగున్నాయి. నాలుగో దాని దగ్గర శబ్దం ఉంది. రెండు దెబ్బలు, కొంచెం ఆగడం, మళ్లీ రెండు దెబ్బలు. బా వా. బా వా.

వాల్వులను కొట్టే టాపెట్ల శబ్దం. గ్యాపు సరిచేశాను.

కడిగాను.

14-7-98

టాపెట్లు మళ్లీ సరిచేశాను. శబ్దం ఉంది.

ఇంజను ఆపి విన్నాను. ఉంది.

15-7-98, బుధవారం

రాత్రంతా వాన. గెడ్డలోకి నీరొచ్చింది.

చిట్టమ్మ వచ్చింది. తలుపు దగ్గరే నిలబడింది, ట్రాక్టరు వైపు చూడలేదు.

"అయిపోనాదా అన్నయ్యా?"

"బండి అమ్మీయ్ తల్లీ. కొనేవోణ్ణి నాను సూస్తాను."

"మడిషి సచ్చిన బండి ఎవడు కొంటాడు? కొన్నా ఆణ్ణి సంపినోళ్లం మనమే అవుతాం. మా తమ్ముడు తోల్తే ఊళ్లో దమ్ములన్నీ మాకే ఒస్తాయి. నేదా, మడి అమ్మీసి ప్లాంటు గేటు కాడ తట్ట మొయ్యాల నాను." తర్వాత మెల్లగా అంది. "ఆ మడి అలగే ఉంది. ఆడు సగం దమ్ము పట్టీసి వదిలీసినాడు. మిగిలిన సగం ఎవరూ దిగనేదు. ఆ సగం పట్టీసి నాటు ఏసీస్తే ఆడికి కూడా ఊరట."

ఆమె వెళ్లాక నారాయణమ్మ ఏడ్చింది. "ఆ కుర్రోణ్ణి కూడా మింగీస్తాది. మీకు తెలుసు. తెలిసే ఇచ్చేస్తన్నారు."

బండిలో ఏ లోపమూ లేదని చెప్పాను. లోపం లేని బండిని ఆపి ఉంచడానికి కారణం చెప్పలేను. అర్జునరావుకు ఏమన్నా అయితే చిట్టమ్మ ముఖం చూడలేను. చివరికి ఒకటి నిర్ణయించాను. ఆ మిగిలిన సగం నేనే దమ్ము పడతాను. నా చేతుల మీద అక్కడ బయటపడితే ఇంక ఏ మడిలోనైనా బయటపడుతుంది. ఆ తర్వాతే వాడికి తాళం ఇస్తాను.

నారాయణమ్మకు చెప్పలేదు. రోడ్డు మీద ట్రయలు వేస్తానని చెప్పాను.

16-7-98

వాన. దమ్ము పట్టే ఇనప చక్రాలు బిగించాను. ముందు బంపరుకు దిమ్మలు వేయాలనుకున్నాను, సరైనవి దొరకలేదు.

దుంగను ఇంటికి తెచ్చి మంచం కింద పెట్టి, కాలికీ దానికీ కలిపి తువ్వాలు కట్టుకుని పడుకున్నాను. ఇలా రాస్తే పిచ్చిగా ఉంది. కానీ ఎక్కడికీ పోదు కదా.

నిజానికి దుంగ తప్పు కాదు. రేజ్ చేయడం తప్పు. ఫస్టు గేరులో, చేతి యాక్సిలరేటరు కిందికే ఉంచి, క్లచ్చు మెల్లగా వదిలితే ముందు చక్రాలు కొంచెం మాత్రమే లేస్తాయి. జానెడు. వెంటనే నొక్కేస్తే మళ్లీ దిగుతాయి. పోలిరాజుకు తొందర ఎక్కువ.

అయినా కట్టకూడదు.

17-7-98

తువ్వాలు ముడి విప్పలేదు. దుంగ మంచం కిందే ఉంది. తడిగా ఉంది. దుప్పటి కూడా తడిగా ఉంది. నారాయణమ్మ పుట్టింటి వాళ్ల దగ్గరికి వెళ్తానంది, సంచీ సర్దింది, మళ్లీ విప్పేసింది.

ట్రాక్టరు కడిగాను.

18-7-98, శనివారం

ఉదయం మబ్బు, తర్వాత ఆగకుండా వాన. బయలుదేరే ముందు డీజిలు పోసి రేడియేటరులో నీళ్లు చూశాను.

ఇది మడి గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. తాటాకు గొడుగు కింద. రాసుకోవడానికి కొంచెం వెలుతురు ఉంది. చేతికి పని లేకపోతే కుదరదు కనుక రాస్తున్నాను.

అర్జునరావు నాతో వచ్చాడు. వాణ్ణి గట్టు దిగనివ్వలేదు. మొదట అంతా బాగానే నడిచింది. నాలుగు సాళ్లు తిరిగాను. బురద వెన్నలా లేచింది. మనసు తేలికయింది. అర్జునరావు గట్టు మీంచి, "షెడ్డు మేస్త్రీకి మడి కూడా తెలుసునర్రా!" అని కేకలు వేశాడు. ఐదో సాలులో, పోలిరాజు ఆపిన చోటు దాటుతుంటే ఎడమ చక్రం దిగిపోయింది.

రివర్సు వేశాను. రాలేదు. మళ్లీ వేశాను. ఇరుసు దాకా దిగింది. చెప్పినట్టే ఇంజను ఆపి దిగిపోయాను.

అర్జునరావు పక్క ఊరు నుంచి ఇంకో బండి తేవడానికి వెళ్లాడు. వెళ్లే ముందు నా చెయ్యి పట్టుకున్నాడు. "నాను ఒట్టేసినాను, నువ్వు కూడా ఒట్టెయ్యన్నయ్యా. బండి కాడికి ఎల్లకు. గట్టు దిగకు." వేశాను. వాడి ముఖం చూస్తే నవ్వొచ్చింది. నిజంగా భయపడుతున్నాడు.

గెడ్డ పొంగుతోంది. మడిలోకి నీరు ఎక్కుతోంది. ఆలస్యమైతే క్లచ్చు హౌసింగులోకి నీళ్లు వెళ్తాయి, మళ్లీ అంతా విప్పాలి.

ఇంజను ఆపేశాను. తాళం నా జేబులో ఉంది. అయినా శబ్దం వస్తోంది. రెండు దెబ్బలు, కొంచెం ఆగడం, రెండు దెబ్బలు. ఇంజనులోంచి కాదు. కింద నుంచి.

పోలిరాజు పడిన రోజు బండి ఎత్తడానికి ఊరంతా కావలసి వచ్చింది. నేను వచ్చేసరికి ఎత్తేశారు. వాణ్ణి గట్టు మీద, ఇక్కడే పడుకోబెట్టారు. నోటి నిండా బురద. చాలాసేపు పిలిచాడని అన్నారు. ఎంతసేపో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

దుంగ ఎడమ చక్రం పక్కన ఉంది. ఉదయం ఇంట్లో మంచం కింద ఉంది. అర్జునరావు తేలేదు, ఖాళీ చేతులతో వచ్చాడు. నేను తేలేదు. నా అరచేతుల్లో తుప్పు ఉంది, అది స్పానర్ల తుప్పు.

ఇక్కడి నుంచి స్పష్టంగా వినబడుతోంది. బావా అంటున్నాడు. కోపంగా లేదు. షెడ్డులో స్పానరు అందుకోమని పిలిచినట్టే ఉంది.

దుంగ కడితే ముందు చక్రాలు లేస్తాయి. అది నాకంటే బాగా ఎవరికీ తెలియదు. జానెడు లేస్తే చాలు, కింద చోటు అవుతుంది. వాడు సన్నటి మనిషి. జరుక్కుని బయటికి వచ్చేస్తాడు. ఫస్టు గేరు, చేతి యాక్సిలరేటరు కిందికి, క్లచ్చు మెల్లగా. వెంటనే నొక్కేస్తాను. అర్జునరావు వచ్చేలోగా అయిపోతుంది. నారాయణమ్మకు తమ్ముణ్ణి చూపిస్తాను.

తోలను. కట్టి, ఒక్కసారి లేపి, దించేస్తాను. తర్వాత బండి కడిగి, ఈ పేజీ పూర్తి చేసి

వస్తున్నానురా, గొలుసు కొక్కెం ఒక్కటి